సలహాదారుని యెదుట కోడలు

కౌన్సెలింగు అను మాట తెలుగువారి యిండ్లలోనికి వచ్చి చాల కాలమైనది. కాని యది వచ్చిన దారి విచిత్రమైనది. పరీక్షలో నెగ్గిన పిల్లవానికి ఇంజనీరింగు కళాశాలలో సీటు కేటాయించుట మనకు కౌన్సెలింగు. కాపురము చెడిన ఆలుమగలను పోలీసుస్టేషనునకు పిలిపించి, మందలించి పంపుటయు కౌన్సెలింగే. దుఃఖములో నున్న మనుష్యుని మాటను ఓపికతో విని, వాని మనస్సు వానికే తెలియునట్లు చేయు చికిత్సకు సైతము ఈ పేరు కలదని యెఱిగినవారు తక్కువ. మాటకు పట్టిన యీ గతి కేవలము కాకతాళీయము కాదని మా యభిప్రాయము. సీటు కేటాయింపునందును, కాపురము నిలబెట్టుటయందును తీర్పు ముందే సిద్ధమై యున్నది. వచ్చినవారు తలయొగ్గుటయే తరువాయి.

ఈ చికిత్స ఐరోపావాని కొలతకు కుట్టిన చొక్కాయనియు, మన యొడలికి పట్టదనియు, కావున మన సంస్కృతి ననుసరించి దీనిని మరల కుట్టుకొనవలెననియు చెప్పు పండితులు మనలో కలరు. ఇందు సత్యము లేకపోలేదు. అయితే ఈ వాదము ఎంతవఱకు వైద్యమో, ఎచ్చటినుండి సాకో విడదీసి చూడక తలయూపుట చదువుకొన్న గృహస్థులకు తగదు.

ఈ వాదమునకు మన దేశమున గౌరవనీయమైన ప్రారంభమే కలదు. కలకత్తా వైద్యులు గిరీంద్రశేఖర బోసుగారు 1921లో, కోరికల అణచివేతను గూర్చిన తమ గ్రంథమును వియన్నాలోని ఫ్రాయిడునకు పంపిరి. 1922లో భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించిరి. ఇరువురును ఒకరి ముఖ మొకరు చూచినవారు కారు. స్నేహమంతయు ఉత్తరములలోనే సాగినది. 1929లో బోసుగారు, మీ రోగులలో కానవచ్చు అంగచ్ఛేద భయము నా రోగులలో అంత ప్రబలముగా లేదనియు, మావారిలో స్త్రీగా నుండవలెనను కోరిక సులభముగా బయటపడుచున్నదనియు గురువునకే యెదురుచెప్పుచు వ్రాసిరి. ఫ్రాయిడు మర్యాదగా వినెనే గాని తన సిద్ధాంతమును మార్చుకొనలేదు. 1931లో ఆయన డెబ్బదియైదవ జన్మదినమునకు సంఘమువారు దంతపు విష్ణుప్రతిమను పంపగా దానిని తన బల్లపై నుంచుకొనెను; ప్రతిమకు దొరకిన చోటు వాదమునకు దొరకలేదు. బోసుగారి యందు మేము మెచ్చునది యొక్కటి: తమ యెదుట పరుండి మాటలాడిన రోగి చెప్పినదానిని వారు సిద్ధాంతముకంటె పెద్దచేసిరి.

పంజాబీ కవియు మనోవైద్యుడునైన జస్వంతసింగు నేకీగారు 1973లో ప్రకటించిన వ్యాసమున మఱియొక దారి చూపిరి. స్వావలంబనమే పరమార్థమని యెంచు పాశ్చాత్య పద్ధతి మనవారికి చాలదనియు, ఆత్మనిగ్రహమును, వ్యక్తికిని సంఘమునకును సామరస్యమును కోరునెడ గురుశిష్య సంబంధము చికిత్సకు మాదిరి కాగలదనియు వారి వాదము. వైద్యుని గదిలో అడుగిడగానే "మీరే దిక్కు" అను మన రోగిని చూచినవారికి ఈ మాట వెంటనే నచ్చును. మాకును కొంత నచ్చినది. కాని యిచ్చట నొక ప్రశ్న యున్నది: ఆ శిష్యుని స్థానమున కోడలు కూర్చున్నచో నేమగును?

ఆమెకు గురువులు కొదువయా? పుట్టినింట తండ్రియు అన్నలును, మెట్టినింట అత్తమామలు, భర్త, పెద్దాడుబిడ్డ. పండుగకు వచ్చిన మేనత్త సైతము నాలుగు మాటలు బోధించియే పోవును. ఆత్మనిగ్రహము ఆమెకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. సంఘముతో సామరస్యమన్నను, ఏ సంఘముతో? "నలుగురేమనుకొందురు" అను మాటలోని ఆ నలుగురితోనేనా? వారి భయము చేతనే ఆమె జబ్బుపడినపుడు, వారితో రాజీపడుమనుట రోగమునే మందుగా నిచ్చుట కాదా? గురువు తుదకు శిష్యుని స్వతంత్రుని చేయునని సమాధానము చెప్పవచ్చును. మగశిష్యుని విషయమున అది నిజము కావచ్చును.

ఇది మన దేశమునకే పరిమితమైన దోషమని యెవరును పొంగిపోవలదు. ఫ్రాయిడు 1905లో ప్రకటించిన రోగచరిత్రలలో డోరా యను మారుపేరుగల యువతి కథ కలదు. తండ్రి స్నేహితుడొకడు ఆమెపై కన్నువేసెను. ఆ స్నేహితుని భార్యతో తండ్రికి సంబంధము కలదు. పిల్ల జరిగినది చెప్పగా తండ్రి నమ్మక, దానికి బుద్ధి వచ్చునట్లు చేయుడని ఫ్రాయిడునకు అప్పగించెను. ఆమె చెప్పినది నిజమని వైద్యుడు గ్రహించెను. గ్రహించియు, ఆమె అసహ్యమునందే రోగమును వెదకెను. పదునొకండు వారములైన పిమ్మట ఆమెయే చికిత్స మానుకొని వెడలిపోయెను. ఆ పిల్ల లేచిపోవుటయే ఆ గదిలో జరిగిన అత్యంత ఆరోగ్యకరమైన పనియని మాకు తోచుచున్నది. ఇంటి పెద్ద పంపగా పనికి పూనుకొన్న వైద్యుడు వియన్నాలో నున్నను గుంటూరులో నున్నను ఒక్కటే.

అట్లని కుటుంబమును గడపదాటించి వెలివేయవలెనని మేమనుటలేదు. 1950 తరువాతి దశాబ్దమున అమృతసరపు మానసిక వైద్యశాలలో విద్యాసాగరుగారు రోగులతోపాటు వారి బంధువులను ఆవరణలో గుడారములు వేయించి నిలిపిరి. బంధువులు రోగికి వండిపెట్టిరి, ఉపచారము చేసిరి, జబ్బు ఎట్లు తగ్గుచున్నదో కన్నులార చూచిరి. దయ్యమన్న భయమును సిగ్గును వదలి రోగిని తమవెంట ఇంటికి గొనిపోయిరి. ఇచ్చటను సంస్కృతి పనిచేసినది. కాని బంధువులు అచ్చట నేర్చుకొనువారు; తీర్పు చెప్పువారు కారు. భేదమంతయు ఇందే కలదు.

భాష విషయమునను సలహాదారుడు మన సంస్కృతిని ఎఱిగియుండవలసినదే. మన స్త్రీ "నాకు విచారముగా నున్నది" అని చెప్పదు. గుండెలో మంట యనును, తల దిమ్ముగా నున్నదనును, ఒంట్లో సత్తువ లేదనును. మనోవ్యాధికి మందు లేదని సామెత చెప్పుకొన్న జాతి మనది. మందు లేనిదానిని గూర్చి మాటలాడుటకంటె మందున్న కడుపునొప్పిని గూర్చి మాటలాడుట మేలని ఆమె యెంచుటలో వింత లేదు. ఆ మంట దేనిదో తెలిసికొనుటకు సలహాదారునికి తెలుగు రావలెను, పల్లె తెలియవలెను. ఆ పిమ్మట ఏమి చెప్పవలెనో నిర్ణయించునది మాత్రము సంస్కృతి కారాదు.

కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చినది. అది న్యాయస్థానమును మొదట రాజీకి యత్నింపుమన్నది, సలహాదారులను నియమించుటకు వీలు కల్పించినది. చట్టమును మేము తప్పుపట్టము. రాజీ కొన్ని కాపురములకు నిజముగా మేలే. అయితే "పిల్లల ముఖము చూచి సర్దుకొనిపొమ్మా" యను మాట తల్లి చెప్పినను, స్టేషనులో చెప్పినను, పట్టభద్రుడైన సలహాదారుడు చెప్పినను అదే మాట. మూడవవానికి జీతము ముట్టుచున్నదనుటయే విశేషము.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి విషయములను రహస్యముగా నుంచుటను హక్కుగా చేసినది. కోడలు వచ్చునపుడు అత్తగారు వెంట వచ్చును, ప్రక్కనే కూర్చుండును, అడిగిన ప్రశ్నకు తానే బదులు చెప్పును. "అమ్మా, మీరు కొంచెము బయట కూర్చుండుడు" అనుటకు సలహాదారునికి ఏ గ్రంథమును అక్కఱలేదు, ధైర్యము మాత్రము కావలెను. 2022 అక్టోబరు నుండి టెలీ మానస్ పేర 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోను మాటలాడవచ్చును. మంచి యేర్పాటే, కాని యా ఫోను ఆమె చేతికి ఎప్పుడు వచ్చును, మాటలాడుటకు ఇంట తలుపున్న గది యేది, పిమ్మట ఏ సంఖ్యకు పిలిచితివని అడుగువారెవరు?