శిథిల దుర్గములు – ఛాయాచిత్రములు

ఎలగందుల కోట ఛాయాచిత్రములు నేడు విరివిగా కానవచ్చుచున్నవి. మానేటి చెంత గుట్ట, గుట్టమీద కూలిన బురుజులు, పైన మబ్బు. మనుష్యుడు మాత్రము కానరాడు. చూచినవారు ‘ఎంతటి సంగ్రామము జరిగినదో’ యని నిట్టూర్తురు. మా యాక్షేపణ యా నిట్టూర్పుమీదనే. ఎలగందుల యిరువదవ శతాబ్ది యారంభమున జిల్లాకు ముఖ్యపట్టణము. 1905లో ఆ హోదా కరీంనగరమునకు పోయినది. కచేరి తరలిపోయినను గోడలు బోసిపోవును గదా! ఆ సంగతి చిత్రము చెప్పదు.

యుద్ధముల వెంట తిరిగిన ఫెలీచే బియాటో 1858లో లక్నోయందు తీసిన సికందర్ బాగు చిత్రమును దీని ప్రక్కన నుంచి చూడవలెను. అది కోట కాదు, ఎత్తైన ప్రాకారముగల తోట; అయినను 1857 నవంబరు 16వ తేదీన కోటవలెనే ముట్టడికి గురియైనది. లోపల సుమారు 2,000 మంది హతులైరి. బియాటో వచ్చుసరికి నెలలు గడచినవి. నాటి పలకలకు నిలుకడ వలయును. పోరు వానికి చిక్కదు, శిథిలములు చిక్కును, శవములు చిక్కును. కప్పివేసిన కళేబరములను ఛాయాగ్రాహకుడు పట్టుబట్టి మరల తెరపించెనని జార్జి క్యాంబెలను నాటి యాంగ్లేయాధికారి వ్రాసియున్నాడు. చిత్రమున వెనుక విరిగిన స్తంభములు, వాని కడ నిలిచిన కొందరు భారతీయులు, ఒక గుఱ్ఱము, ముందు ఎముకలు.

‘క్రూరమైనను సత్యమే గదా’ యని కొందరందురు. చావు సత్యమే, ఎముకల యమరిక సత్యము కాదు. అది చూపరికొఱకు వేసిన రంగము. కుంపిణీ తొలినాళ్ళలో మన తెలుగుసీమనుండి సిపాయిలను చేర్చుకొనినందున ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ యను పేరు నిలిచినది. హతులు అవధ్ ప్రాంతపు రైతుబిడ్డలే కావచ్చును. మన దేశపు పేరు మోసినవారు. వారిలో ఒక్కని పేరైనను ఆ చిత్రము క్రింద లేదు.

బియాటో చచ్చినవారిని ముంగిటికి తెచ్చెను. మనవారు బ్రదికియున్నవారిని ప్రక్కకు తొలగించుచున్నారు. శిల్పదృష్టితో మనవారి చిత్రములే నిర్మలములు, కాదనము. కాని ఎలగందులలో జఫరుద్దౌలా 1754లో కట్టించిన జంట మినారులు ఊపిన కదలునని ప్రసిద్ధి. వానిని ఊపజూచు పల్లెపిల్లవాడు అడ్డువచ్చినచో, వానిని పొమ్మనక చిత్రము తీయువారెవరైన నున్నారా?