వెనకాల ఎన్ని పళ్ళు?

న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడు ఒక ఆదివారం రాత్రి ఫోన్లో ఫొటో పంపాడు. వాళ్ళకి అప్పుడు ఉదయం. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెట్టారట, అట్టపెట్టె నిండా పాత సైకిల్ సామాను. "మామయ్యా, ఇది కాంపాగ్నోలో డీరైలర్! నలభై డాలర్లంటున్నారు, తీసేసుకోనా?"

"నీ సైకిలుకి వెనకాల ఎన్ని పళ్ళురా?" అన్నాను.

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. పేరు చెప్తే ఎగిరి గంతేస్తాననుకున్నాడు, నేను పళ్ళు లెక్కపెట్టమన్నాను.

తపాలా బిళ్ళలు పోగుచేసేవాళ్ళకి పేరూ సంవత్సరమూ తెలిస్తే చాలు. డీరైలర్ సంగతి అలా కాదు. దాని వయసు ఒంటి మీదే రాసి ఉంటుంది, సత్తువ మాత్రం మనం లెక్కకట్టుకోవాలి. ఆ పేరు పుట్టిందే ఫ్రెంచిలో, పట్టాలు తప్పించేదని అర్థం. ఒక పళ్ళచక్రం మీద నడుస్తున్న గొలుసుని కావాలని తప్పించి పక్కదాని మీదికి ఎక్కించడమే దాని పని. నడిరోడ్డు మీద చైను పడిపోతే దిగి, చేతులకి నల్ల గ్రీజు పూసుకుంటూ ఎక్కించుకున్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

టూర్ ద ఫ్రాన్స్ పందెంలో దీన్ని 1937 దాకా రానివ్వలేదు. అంతకుముందు కొండ వస్తే దిగి, వెనక చక్రం విప్పి, తిరగేసి బిగించుకునేవాళ్ళు. 1948లో అదే పందెం బార్తాలి గెలిచినప్పుడు వాడిన కాంపాగ్నోలో కంబియో కోర్సా కూడా ఒక విధంగా సాహసమే. నడుస్తున్న సైకిలు మీద చెయ్యి వెనక్కి చాచి చక్రం బిగింపు వదులు చేయాలి, పెడళ్ళు వెనక్కి తొక్కుతూ ఇంకో కడ్డీతో గొలుసు జరపాలి, మళ్ళీ బిగించాలి. ఆ చిత్రాలు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇటలీలోని విచెంజా నుంచి ఆ కాంపాగ్నోలో కంపెనీయే 1951లో గ్రాన్ స్పోర్ట్ తెచ్చాక పాత కష్టాలు తీరాయి. నాలుగు కీళ్ళ సమాంతర చతుర్భుజం తీగె లాగితే ఒకవైపు, స్ప్రింగు లాగితే ఇంకోవైపు జరుగుతుంది. 1963 నాటి రెకార్డ్ క్రోమ్ పూత వేసిన కంచుది, చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. 1967 నాటి నువోవో రెకార్డ్ అల్యూమినియం మిశ్రమంతో చేసింది. మావాడి ఫొటోలో ఉన్నది ఇదే. పైకీలు దగ్గర 'పేటెంట్ 78' అని ఉంది. చాలామంది దాన్ని పేటెంటు పుట్టిన ఏడాది అనుకుంటారు, నిజానికి అది వస్తువు తయారైన ఏడాది. ఆ అంకె లేకుండా ఉత్త 'పేటెంట్' అనే ఉంటే ఇంకా పాతదని లెక్క.

జపాన్ సామాను వయసు చెప్పే గుర్తు వెనకవైపు ఉంటుంది, రెండే రెండు ఇంగ్లీషు అక్షరాలు. మొదటిది ఏడాది, రెండోది నెల. షిమానో కంపెనీ లెక్కలో 'ఏ' అంటే 1976, అక్కణ్ణించి ఏడాదికో అక్షరం. 'హెచ్ ఈ' అని కనిపిస్తే 1983 మే అన్నమాట. సన్‌టూర్‌దీ ఇదే పద్ధతి, లెక్క మొదలయ్యే ఏడాదే వేరు.

వయసు సంగతి ఇంతే. అసలు చిక్కంతా సత్తువ దగ్గర.

మావాడి సైకిలుకి ముందు రెండు చైన్ వీళ్ళు, 50 పళ్ళది, 36 పళ్ళది. తేడా 14. వెనక ఫ్రీవీలులో చిన్నది 14, పెద్దది 32. తేడా 18. రెండు తేడాలూ కలిపితే 32. ఆ సైకిలు డీరైలర్‌ని అడిగే సామర్థ్యం అది. గొలుసు ఏ చక్రాన్నయినా దాదాపు సగమే చుట్టుకుంటుంది కాబట్టి 32 పళ్ళ తేడాకి 16 లింకులు. లింకు అర అంగుళం. అంటే రెండువైపులా పెద్ద చక్రాల మీద ఉన్న గొలుసు చిన్నవాటి మీదికి దిగితే ఎనిమిది అంగుళాలు, జానెడుకి కాస్త తక్కువ, వదులుగా మిగిలిపోతుంది. దాన్ని మింగాల్సింది డీరైలర్ కింద వేలాడే కేజి. కేజిలో రెండు చిన్న చక్రాలుంటాయి. వాటి నడుమ దూరం రెండంగుళాల చిల్లర ఉంటే పొట్టి కేజి, మూడు దాటితే పొడుగుది. మావాడి ఫొటోలో ఉన్నలాంటి పొట్టిదాని నోట్లో అంత గొలుసు పట్టదు.

దీనికి తోడు ఇంకో హద్దుంది. కేజిలోని పై చక్రం వెనక పెద్ద పళ్ళచక్రానికి తగలకూడదు. నువోవో రెకార్డ్ 26 పళ్ళ దాకా హాయిగా ఉంటుంది, అది దాటితే గరగరలు మొదలవుతాయి. పందేల కోసం చేసిన వస్తువుని కొండదారికి ఈడిస్తే తప్పు దానిది కాదు.

ఈ రెండో హద్దుని గెలిచినవాడు జపాన్‌లో సన్‌టూర్ కంపెనీ ఇంజినీరు నోబువో ఒజాకి. ఫ్రీవీలుని పక్కనుంచి చూస్తే పళ్ళచక్రాలు మెట్లలా పేర్చినట్టుంటాయి. అప్పటి డీరైలర్లు అడ్డంగా మాత్రమే జరిగేవి, అందుకని పెద్ద మెట్టు దగ్గర ఇరుకు, చిన్న మెట్టు దగ్గర బోలెడంత ఖాళీ. ఒజాకి 1964లో ఆ చతుర్భుజాన్ని ఏటవాలుగా తిప్పాడు. మేడమెట్ల పక్క పిట్టగోడ మెట్లతోపాటే వాలుగా దిగినట్టు, పై చక్రం పళ్ళచక్రాల వాలునే పట్టుకుని నడుస్తుంది. ఎక్కడైనా దూరం దాదాపు ఒకటే. గేరు మారడం చప్పున మారుతుంది. ఇరవై ఏళ్ళు మిగతా కంపెనీలు చేతులు కట్టుకు చూశాయి. 1984లో పేటెంటు తీరగానే షిమానో ఆ వాలుని తన కొత్త క్లిక్ గేర్లతో కలిపేసింది. ఇవాళ రోడ్డు మీద కనిపించే గేర్ల సైకిళ్ళలో చాలావాటికి ఆ వాలే ఆధారం.

క్లిక్ లేని పాత మీటల గురించి ఒక మాట. అవి ఫిడేలు లాంటివి. హార్మోనియంలా మెట్లుండవు, స్వరస్థానం చెవికే తెలియాలి. గొలుసు గుసగుసలాడితే వేలితో వెంట్రుకవాసి సర్దాలి. నెల్లాళ్ళు తొక్కితే చెయ్యే నేర్చుకుంటుంది.

ఫ్రెంచివాళ్ళ సింప్లెక్స్ ప్రెస్టీజ్ దొరికితే మురిసేముందు కీళ్ళ చుట్టూ భూతద్దంతో చూడండి. అది 1960లలో వచ్చిన డెల్రిన్ ప్లాస్టిక్కు, ఏళ్ళు గడిచేకొద్దీ బీటలిస్తుంది. హ్యూరే జూబిలీ అందం వేరు, ఈకలా తేలిక. కానీ అది కూడా చిన్న ఫ్రీవీళ్ళకే.

కొన్నది బిగించాక గొలుసు కొలత తప్పకండి. ముందూ వెనకా పెద్ద చక్రాల మీద వేసి చూసినప్పుడు గొలుసు బిగుసుకుపోతే లింకులు చాలవన్నట్టే. పొరపాటున ఆ గేరు పడితే డీరైలర్ వంగిపోతుంది, ఒక్కోసారి ఫ్రేము కొసే విరుగుతుంది. చిన్నవాటి మీద కాస్త వేలాడితే మాత్రం కొంప మునగదు.

మావాడు నా మాట సగమే విన్నాడు. నలభై డాలర్లూ పోసి కాంపాగ్నోలో తెచ్చుకున్నాడు. అది పుస్తకాల అలమరలో ఉంది. సైకిలుకి మాత్రం నెల తర్వాత ఇంకెక్కడో పది డాలర్లకి దొరికిన సన్‌టూర్ వి-జీటీ లక్స్ బిగించాడు. పొడుగు కేజిది, వెనక 34 పళ్ళ దాకా ఎక్కుతుంది. దాని వెనక 'టీ సీ' అని ఉంది: 1977 మార్చి.