స్థిరత్వం, సుస్థిరత: గని వ్యర్థాల ప్రపంచ ప్రమాణంపై ఒక పరిశీలన

'స్థిరత్వం', 'సుస్థిరత' ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. గనుల పరిశ్రమలో మాత్రం మొదటిది కట్ట బలాన్ని లెక్కగట్టే ఇంజనీరుది; రెండవది వార్షిక నివేదిక రాసేవారిది. ఈ రెండింటినీ ఒకచోటికి తెచ్చే ప్రయత్నంగా 2020 ఆగస్టులో వెలువడిన గని వ్యర్థాల నిర్వహణ ప్రపంచ ప్రమాణం విమర్శనాత్మకంగా పరిశీలించదగినది.

దీనికి నేపథ్యం బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యో. 2019 జనవరి 25న వేల్ సంస్థకు చెందిన ఇనుప ఖనిజ గనిలో 86 మీటర్ల ఎత్తున్న వ్యర్థాల కట్ట తెగి 270 మంది మరణించారు. కట్ట దిగువనే గని కార్యాలయం, కార్మికుల భోజనశాల ఉన్నాయి. ఆ కట్టలో వ్యర్థాలు పోయడం కొన్నేళ్ల ముందే ఆపేశారు. అంటే వాడకం ముగిసినా ప్రమాదం ముగియలేదు. గట్టిగా కనిపించే తడి బురద ఒక్కసారిగా ద్రవంలా జారే స్థితికి 2018లో లెక్కించిన భద్రతా గుణకం 1.09. నిపుణులు సూచించిన కనీస విలువ 1.3. అయినా టూఫ్ జూడ్ సంస్థ స్థిరత్వ ధ్రువపత్రం ఇచ్చింది. లోపించింది జ్ఞానం కాదు. సంఖ్య కాగితం మీదే ఉంది. దాన్ని చూసి కాదనవలసిన వారికి రుసుము చెల్లించేది కట్ట యజమాని.

ప్రమాణంలోని 15 సూత్రాలు, 77 నిబంధనలను ఈ అనుభవంతో పోల్చి చదవాలి. కట్ట భద్రతకు ముఖ్య కార్యనిర్వహణాధికారి ఎదుట నేరుగా జవాబు చెప్పే వ్యక్తి ఉండాలనడం, ప్రోత్సాహక చెల్లింపులను ప్రజాభద్రతతో ముడిపెట్టడం నా దృష్టిలో ఇందులోని బలమైన భాగాలు. అయితే స్వతంత్ర సమీక్షకులను నియమించేది ఇప్పటికీ నిర్వాహక సంస్థే. పాత వ్యర్థాల మీదే కట్టను ఎత్తుకుంటూ పోయే పద్ధతిని బ్రెజిల్ 2019లోనే నిషేధించింది, ప్రమాణం నిషేధించలేదు. మిగిలిన ప్రమాదాన్ని 'ఆచరణసాధ్యమైనంత' తగ్గించాలంటుంది. ఏది సాధ్యమో తేల్చేది ఎవరు? ప్రమాణాన్ని పిలిచి రాయించిన మూడు సంస్థల్లో ఒకటి గనుల కంపెనీల అంతర్జాతీయ మండలి అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. రచనా నిపుణుల బృందంలో సభ్యులైన ఆండ్రూ హాప్కిన్స్, డియానా కెంప్‌లే ఈ సంస్కరణ వెనుక రాజకీయాలపై 2021లో పుస్తకం ప్రచురించారు.

మరో పరిమితి మనకు దగ్గరగా కనిపిస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం కర్మాగారపు టెయిల్‌పాండ్ సమీప గ్రామాల రైతులు బోర్ల నీటి గురించి, పంటల గురించి ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. ఆ సంస్థ అంతర్జాతీయ మండలిలో సభ్యురాలు కాదు. ప్రమాణం దాన్ని కట్టడి చేయదు. ఒకవేళ చేసినా, ప్రమాణం దృష్టి ప్రధానంగా తెగే కట్ట మీద. నేలలోకి మెల్లగా ఇంకే నీటికి సైరన్ మోగదు. పర్యవేక్షణ ఫలితాల సారాంశాన్ని ప్రజలకు అందుబాటులో ఉంచాలని ప్రమాణం కోరుతుంది. ఆ సారాంశం రాసేది మళ్లీ నిర్వాహక సంస్థే. రైతు అడిగేది తన బోరులో, ఈ నెలలో, ఎంత ఉందని.