రాగిరేకు మీద తిరుగుబాటు

1612లో ఆంట్వెర్ప్‌లో ఒక బొమ్మల పుస్తకం వెలువడింది. అందులో 36 ఎచింగులు ఉన్నాయి. కథ క్రీ.శ. 69 నాటిది. రైన్ నది సముద్రంలో కలిసే పల్లపు నేలల్లో బతికే బటావియన్లనే తెగ రోమ్ మీద తిరగబడింది. వాళ్లు పన్నుకు బదులు రోమ్ సైన్యానికి మనుషుల్ని పంపేవాళ్లు. మనుషుల్ని ఎంచే అధికారులు ముసలివాళ్లను పట్టుకెళ్లి డబ్బిస్తే వదిలేవారు, లేత వయసు పిల్లల్ని చెరిచేవారు. రోమ్ కొలువులోనే దళపతిగా పనిచేసిన ఒంటికన్ను సివిలిస్ ఆ కోపానికి నాయకుడయ్యాడు. ఇదంతా రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిపెట్టాడు.

దృశ్యాలను రూపొందించింది ఒట్టో వాన్ వేన్. లైడెన్‌లో పుట్టి ఆంట్వెర్ప్‌లో స్థిరపడ్డవాడు, రూబెన్స్‌కు గురువు. వాటిని రాగి మీదికి ఎక్కించింది రోమ్‌లో ఉండే ఫ్లోరెన్స్ కళాకారుడు ఆంటోనియో టెంపెస్టా. కూర్పు గొప్పదే, కానీ నన్ను కట్టిపడేసేది టెంపెస్టా చెయ్యి.

ఎచింగ్‌లో రాగిరేకుకు మైనం పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. గీసినచోట మైనం లేచిపోయి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ఉంచితే ఆ గీతల వెంటే లోహాన్ని తింటుంది. ఉలితో లోహాన్ని తొలిచేవాడికి ప్రతి వంపూ బరువే. ఇక్కడ సూదికి మైనమే అడ్డు, అందుకే గీత కాగితం మీద కలం నడిచినట్టు నడుస్తుంది. గుర్రాలు, వేటలు, యుద్ధాలు గీయడంలో చెయ్యి తిరిగిన టెంపెస్టాకు ఇంతకన్నా తగిన పని లేదు. జీవితకాలంలో వెయ్యికి పైగా ఎచింగులు చేశాడు. ఆ వేగం గీతలో కనిపిస్తుంది: గుర్రం తొడ మీద కండ ఎక్కడ ఉబ్బుతుందో అక్కడ గీతలు వంగి దగ్గరపడతాయి, ఎముక తేలేచోట విడిపోతాయి.

తిరుగుబాటులో చేరిన పొరుగు కానినెఫేట్ తెగవాళ్లు బ్రిన్నోను డాలు మీద నిలబెట్టి భుజాలకెత్తుకునే పలకను భూతద్దంతో చూడాలి. తెగ ఆచారం ప్రకారం నాయకుణ్ణి ఎన్నుకోవడమంటే అదే. ముందు నిలిచినవాళ్ల మీద గీతలు ఒత్తుగా, ఒకదాన్నొకటి కోస్తూ నల్లబడతాయి. వెనక్కి వెళ్లేకొద్దీ పలచబడి, చివరికి తలలూ ఈటెలూ మాత్రమే మిగులుతాయి. పదిమందిని శ్రద్ధగా గీసి వందమంది ఉన్నారనిపించడం ఆ పలుచబారిన గీతల పనే. అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి, కత్తి కుడిచేతిలోనే కనబడాలంటే రేకు మీద ఎడమచేతిలో గీయాలి. ఆ లెక్కంతా మనసులో పెట్టుకుని కూడా ఇంత తేలిగ్గా గీయగలగడం నాకు ఆశ్చర్యమే.

అన్ని పలకలూ ఒకే స్థాయిలో లేవు. మొహాలు తరచు ఒకేలా ఉంటాయి, కొన్ని పోరాట దృశ్యాలను కలిపేస్తే విడదీయడం కష్టం. టెంపెస్టా మనసు మనిషి ముఖం మీదకంటే మంద కదలిక మీదే ఎక్కువ.

చివరి పలకలో సివిలిస్, రోమన్ సేనాని సెరియాలిస్ నది మీద తెగ్గొట్టిన వంతెన రెండు కొసల్లో నిలబడి మాట్లాడుకుంటారు. టాసిటస్ రచన మనకు దొరికినంతవరకూ సివిలిస్ మాట మధ్యలోనే ఆగిపోతుంది. వాన్ వేన్ ఆ ఆగిపోయిన చోటునే ఎంచుకుని, ఎవరూ ఓడినట్టు చూపకుండా ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టడం నాకెంతో నచ్చింది. ఆ రోజుల్లో డచ్చివాళ్లకు స్పెయిన్‌తో పన్నెండేళ్ల సంధి నడుస్తోంది. బటావియన్లను తమ పూర్వీకులుగా చెప్పుకునే ఆ పాఠకులకు ఈ బొమ్మ ఎంత దగ్గరగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. స్పెయిన్ పక్షపు పాలకుల కొలువులో ఉన్న చిత్రకారుడే దాన్ని కూర్చాడు. 1613లో డచ్చి ప్రతినిధుల సభ ఇదే కథ మీద అతని 12 వర్ణచిత్రాలను కొంది. అవి ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉన్నాయి.

1661లో రెంబ్రాంట్ ఆమ్‌స్టర్‌డామ్ పురభవనానికి సివిలిస్ కుట్రను చిత్రించబోయినప్పుడు, ఈ పుస్తకంలో ఆ కుట్ర సాగిన తోపులోని విందును చూపే ఎచింగును ఆధారం చేసుకున్నాడు. ఆ పెద్ద చిత్రం అక్కడ నిలవలేదు. కోసి చిన్నది చేసిన భాగం స్టాక్‌హోమ్‌లో ఉంది. రెంబ్రాంట్ ఆ బల్ల చుట్టూ వెలుగు నింపి, సివిలిస్‌ను మనవైపు తిప్పి, గుడ్డికన్నును దాచకుండా చూపాడు. ఆ బల్ల, చుట్టూ చేరిన మనుషులు, మంతనాలు మాత్రం అంతకు యాభై ఏళ్ల ముందే టెంపెస్టా సూది గీసి పెట్టినవి.