చేను ఎవరిది? – ఆన్యెస్ వర్దా వదిలేసిన కథాచిత్రాలు

"ఈ మధ్య రాయడం మానేసినట్టున్నారే?" సాహిత్య సభల్లో కాఫీ తాగే సమయంలో రచయిత్రులకి ఈ ప్రశ్న తప్పదు. అడిగేవాళ్ళు పలకరింపుగానే అడుగుతారు. ఒక్క నవల రాసి ఊరుకున్నదాన్ని కాబట్టి నాకిది మరీ అలవాటైన ప్రశ్న. ఆ నవల తర్వాత వ్యాసాలు రాశాను, అనువాదాలు చేశాను, పిల్లల చేత కథలు రాయించాను. అవేవీ లెక్కలోకి రావు. నవల రాయలేదు కాబట్టి మానేసినట్టే. మగ రచయిత రాయకపోతే దాన్ని మౌనం అంటారు, ఆ మౌనానికి అర్థాలు వెతుకుతారు. మనం రాయకపోతే మానేశాం, అంతే.

ఈ లెక్క ఎవరు పెట్టారని ఆలోచించినప్పుడల్లా నాకు ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వర్దా గుర్తొస్తుంది. 1928లో బెల్జియంలో పుట్టి, 2019లో పారిస్‌లో చనిపోయిన వర్దా, 'న్యూవేవ్' మగ దర్శకుల పేర్లు మోగడానికి ముందే 1955లో తన మొదటి సినిమా 'లా పాంత్ కూర్త్' తీసింది. క్యాన్సర్ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే గాయని కథ 'క్లియో' 1962లో వచ్చింది. అబార్షన్ నేరంగా ఉన్న రోజుల్లో, తాము చేయించుకున్నామని బాహాటంగా ప్రకటించిన 343 మంది స్త్రీలలో ఆమె ఒకతె (1971). ఊరూ పేరూ పట్టని ఒక దేశదిమ్మరి పిల్ల చలికి కాలవలో పడి చనిపోవడంతో మొదలయ్యే 'గూడూ లేదు, చట్టమూ లేదు' సినిమాకి 1985లో వెనిస్‌లో స్వర్ణ సింహం వచ్చింది.

ఇంత చేసిన మనిషి 1995 తర్వాత మళ్ళీ పూర్తినిడివి కథాచిత్రం తియ్యలేదు. ఇంకా ఇరవై నాలుగేళ్ళు బతికింది, చివరిదాకా పనిచేస్తూనే ఉంది. కానీ కథాచిత్రం తియ్యలేదు.

ఆ ఆఖరి కథాచిత్రం పేరు 'నూటొక్క రాత్రులు'. సినిమా పుట్టి నూరేళ్ళయిన సందర్భంగా తీసింది. అందులో సిమోన్ సినిమా అనే నూరేళ్ళ ముసలాయన ఉంటాడు. మతిమరపు వచ్చింది. తన జ్ఞాపకాలు జారిపోకుండా రోజూ వచ్చి కబుర్లు చెప్పడానికి ఒక చదువుకునే అమ్మాయిని జీతానికి పెట్టుకుంటాడు. మాస్త్రోయానీ, డెలాన్, డి నీరో లాంటి మహామహులు వచ్చి ఆయన్ని పలకరించి పోతారు. తారలు ఇంతమంది ఉన్నా సినిమా ఆడలేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, దిగులూ వేస్తుంది. మంచాన పడ్డ సినిమా అనే పెద్దమనిషి, ఆయన జ్ఞాపకాలకి కాపలాగా ఒక ఆడపిల్ల! ఆ కొలువు చెయ్యడం అయిపోయాక వర్దా పెద్ద సినిమా ఇంటి గుమ్మం దిగి వచ్చేసినట్టు అనిపిస్తుంది.

అయితే ఆమెకి చిన్న పరిధిలో పనిచెయ్యడం కొత్త కాదు. కొడుక్కి రెండేళ్ళు దాటినప్పుడు ఇల్లు వదిలి దూరం వెళ్ళలేని స్థితి. అప్పుడేం చేసిందంటే, తన ఇంటి మీటరు నుంచి కరెంటు తీగ లాగి, అది ఎంతవరకు వస్తే అంతవరకే కెమెరా పట్టుకెళ్ళింది. పారిస్‌లో తానుండే డాగేర్ వీధిలో రొట్టెల కొట్టు, మాంసం కొట్టు, సెంట్లమ్మే ముసలి దంపతులు, ఆ తీగ అందిన మేరకి ఎవరుంటే వాళ్ళే సినిమా. 1975లో తీసిన ఆ డాక్యుమెంటరీ పేరు 'డాగేరియోటైప్స్'. ఆ తీగని ఆమె బొడ్డుతాడుతో పోల్చింది. పొయ్యిమీద పప్పు ఉడికేలోగా నాలుగు పేరాలు రాసుకునే మనకి ఆ తీగ పొడవు ఎంతో ఒకరు చెప్పక్కర్లేదు.

2000లో వచ్చిన డాక్యుమెంటరీకి ఫ్రెంచిలో ఉన్న పేరుని తెలుగులో 'పరిగె ఏరుకునేవాళ్ళూ, ఏరుకునే ఆమే' అనొచ్చు. బహువచనంలో అందరూ, ఏకవచనంలో ఒక స్త్రీ. ఇంగ్లీషులో ఆ స్త్రీ కాస్తా ఉత్త 'నేను' అయిపోయింది. చేతిలో ఇమిడే చిన్న డిజిటల్ కెమెరాతో వర్దా ఫ్రాన్సు పల్లెలు తిరుగుతుంది. కోతలయ్యాక పొలంలో మిగిలినవాటిని ఏరుకునేవాళ్ళని కలుస్తుంది. పరిమాణం, ఆకారం సరిగ్గా లేవని పారబోసిన బంగాళాదుంపల గుట్టలోంచి హృదయాకారంలో ఉన్నవాటిని ఇంటికి తెచ్చుకుంటుంది. పట్టణాల్లో సంత ముగిశాక నేలమీద పడ్డ ఆకుకూర తిని బతుకుతూ, సాయంత్రాలు వలస వచ్చినవాళ్ళకి ఉచితంగా భాష నేర్పే ఒకాయన కనిపిస్తాడు. మధ్యమధ్యలో ఆమె ఒక చేత్తో కెమెరా పట్టుకుని రెండో చేతిని తీస్తుంది. ముడతలు, మచ్చలు. డెబ్బై దాటిన ఆడదాని చెయ్యి తెరనిండా అలా కనిపించడం నేనంతకు ముందు చూడలేదు.

కథాచిత్రం వదిలేయడం ఆమెకి విముక్తి అని నేను చాలా ఏళ్ళు క్లాసులో చెప్తూ వచ్చాను. నిర్మాత గుమ్మంలో నిలబడక్కర్లేదు, పెద్ద యూనిట్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు అని. ఒకసారి మా ఎం.ఏ. క్లాసులో ఈ డాక్యుమెంటరీ చూపించి అదే మాట చెప్పాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. ఎప్పుడూ మాట్లాడని పిల్ల.

"మేడమ్, మా అమ్మ కూడా పరిగె ఏరేదండి. కామందు చేలో కోతలయ్యాక ఆయన ఊఁ అంటేనే దిగాలి. ఒడి నిండా కనపడితే కోతప్పుడే దాచావని తిట్టేవాడు. మిషన్లొచ్చాక చేలో ఏమీ మిగలట్లేదు. ఇందులో విముక్తి ఏముందండీ?"

క్లాసు నిశ్శబ్దమైపోయింది. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వచ్చి సినిమా మళ్ళీ చూశాను. ఆ అమ్మాయి అడిగింది సినిమాలోనే ఉంది. పొలం మధ్య కూరగాయల నడుమ నల్లగౌను వేసుకున్న లాయరు చట్టం పుస్తకం పట్టుకుని నిలబడి, పరిగె హక్కు గురించి చదువుతాడు. కోత పూర్తయ్యాక, పొద్దుపొడుపుకీ పొద్దుగుంకడానికీ మధ్య ఏరుకోవచ్చట. ఆ దృశ్యం చూసి నవ్వుకుని దాటేసేదాన్ని ఇన్నాళ్ళూ. ఏరుకోవడానికి చట్టం ఎందుకు కావలసి వచ్చింది? చేను వేరొకరిది కాబట్టి. తీసుకోవాల్సిందంతా వాళ్ళు తీసుకున్నాక మిగిలింది కాబట్టి. వర్దా పరిగె ఏరడంలో ఎంత ఆనందం చూపించిందో, చేలు ఎవరివో కూడా అంత స్పష్టంగానే చూపించింది. నేనే ఆనందం ఒక్కటి ఏరుకున్నాను.

అప్పటినించీ విముక్తి అనే మాట తేలిగ్గా వాడలేకపోతున్నాను. వర్దా తర్వాతి పని గొప్పది, సందేహం లేదు. 2006లో పారిస్‌లో పెట్టిన ప్రదర్శనలో ఆమె ఒక గుడిసె కట్టింది. 1966లో ఆడకుండా పోయిన తన సినిమా 'లే క్రియాత్యూర్' రీళ్ళనే గోడలుగా వేలాడదీసి. దానికి ఆమె పెట్టిన పేరు వైఫల్యపు గుడిసె. వెలుతురు ఫిల్ములోంచి వచ్చి లోపల నిలబడ్డవాళ్ళ మీద పడుతుంది. అదే ప్రదర్శనలో నార్మూతియే దీవి వితంతువుల మాటలు. పద్నాలుగు చిన్న తెరలు, పద్నాలుగు కుర్చీలు. ఏ కుర్చీలో కూర్చుంటే ఆ ఒక్క స్త్రీ గొంతే చెవిలో వినిపిస్తుంది. 1990లో భర్త జాక్ డెమీని పోగొట్టుకున్న వర్దా కూడా వాళ్ళలో ఉంది. ఇలాంటిది సినిమాహాల్లో సాధ్యం కాదు. అక్కడ అందరికీ ఒకే గొంతు.

కానీ ఆ గుడిసెని మెచ్చుకుంటూ, అది దేనితో కట్టిందో మరిచిపోతే మనం విమర్శకులం కాము. 2015లో కాన్ ఉత్సవం, 2017లో ఆస్కార్ వాళ్ళు ఆమెకి గౌరవ పురస్కారాలిచ్చారు. రెండు చోట్లా ఆ గౌరవం అందుకున్న మొదటి దర్శకురాలు ఆమే. అప్పటికి ఆమెకి ఎనభై దాటి చాలా ఏళ్ళయింది. కథాచిత్రం వదిలేసీ ఇరవై ఏళ్ళు దాటింది. చివరి గింజ దాకా ఏరుకున్న చేతులకి చేలో సన్మానం జరిగింది. చేను మాత్రం చేతులు మారలేదు.

మన దగ్గరా ఇదే ప్రమాదం ఉంది. కవితలూ చిన్నకథలూ స్త్రీలకి సహజమైన ప్రక్రియలని మెచ్చుకోలుగా అంటూ ఉంటారు, మనమూ తలాడిస్తూ ఉంటాం. సహజమో, తీగ అంతవరకే అందిందో తేల్చుకోవాలి కదా? చిన్న రూపం చిన్నది కాదు అని చెప్పడం ఎంత అవసరమో, పెద్ద రూపం మన చేతికి రాకుండా చేసింది ఏమిటని అడగడమూ అంతే అవసరం. ఒకటి చెప్పి రెండోది మానేస్తే కామందుకి హాయి.

ఆ అమ్మాయి సంవత్సరం చివర్లో వాళ్ళమ్మ మీద మూడు పేజీలు రాసి తెచ్చింది. తెల్లవారుజామున మంచుకి తడిసిన మళ్ళలో వంగి వెన్నులు వెతికే మనిషి, ఒడిలో బరువుని బట్టి ఆ పూట అన్నమో గంజో తెలిసిపోయే ఇల్లు. చదివి ఉండబట్టలేక, "ఇది నవలగా రాయకూడదామ్మా?" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. సభల్లో నన్నడిగే ప్రశ్నకి ఇది తోబుట్టువే కదా.

అందుకని ఇంకో రకంగా అడిగాను. "రాయాలంటే నీకేం కావాలి?"

ఆమె ఆలోచించలేదు. "హాస్టల్లో ఇంకో ఏడాది ఉండనిస్తే చాలండి," అంది.