జారాలంటే పట్టు కావాలి

డ్రిఫ్ట్ గేమ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు గ్యారేజీ తెరవగానే చేసే పని ఒక్కటే. వెనక టైర్ల పట్టును సాధ్యమైనంత తగ్గిస్తారు. బండి పక్కకు జారడమే ఆట అయినప్పుడు టైరుకు పట్టెందుకన్నది వాళ్ల లెక్క. మొదటి మలుపులో ఆ లెక్క నిజమే అనిపిస్తుంది. తోక పక్కకు పోతుంది, పొగ లేస్తుంది, పాయింట్లు పెరుగుతాయి. రెండో మలుపులో బండి గిర్రున తిరిగి, వచ్చిన దారివైపే మూతి పెట్టి ఆగిపోతుంది.

జగిత్యాల జిల్లా మల్లాపూర్‌లో కూర్చుని సెల్‌ఫోన్‌లో ‘కార్‌ఎక్స్ డ్రిఫ్ట్ రేసింగ్ 2’ ఆడే నేను ఈ ఆటను ఒక పనితనంగానే చూస్తాను. ఇందులో అసలు కంపెనీల పేర్లు ఉండవు కానీ, బండి ఆకారం చూస్తే అది ఏ జపాన్ కారో పోల్చుకోవచ్చు. స్ప్రింగుల బిగువు, టైర్ల గాలి, చక్రాల వంపు, గేర్లు, టర్బో, బ్రేకులు, డిఫరెన్షియల్ అన్నీ మన చేతిలోనే ఉంటాయి. రేస్ ట్రాక్ కంటితో చూడని ఊళ్లలోని పిల్లల ముందు ఇంత పెద్ద వర్క్‌షాపు తెరిచి పెట్టినట్టే. అందులో మొదటి పాఠమే తలకిందులుగా నేర్చుకుంటున్నారని నా బాధ.

టైరు సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. మలుపులో ఉన్న టైరు చూసే దిక్కు ఒకటి, అది నిజంగా పోయే దిక్కు ఇంకొకటి. ఆ రెంటి మధ్య ఎప్పుడూ కొంత కోణం ఉంటుంది. మామూలుగా నడిపేటప్పుడు అది మనకు తెలియనంత చిన్నది. కోణం పెరిగేకొద్దీ పట్టు కూడా పెరుగుతూ పోయి, ఒక హద్దు దాటాక తగ్గడం మొదలవుతుంది. తగ్గుతుందే తప్ప సున్నా కాదు. డ్రిఫ్ట్ చేసేవాడు పని చేసేది ఆ హద్దుకు అవతల, ఇంకా మిగిలి ఉన్న పట్టుతో. టైరుకున్న పట్టు కూడా ఒక్కటే. బండిని ముందుకు తోయడానికీ, పక్కకు పోకుండా ఆపడానికీ దాన్నే పంచుకోవాలి. గ్యాస్, అంటే యాక్సిలరేటర్, ఎక్కువిస్తే తోయడానికి ఎక్కువ ఖర్చయి పక్కకు ఆపేది తగ్గుతుంది, తోక ఇంకా బయటికి పోతుంది. గ్యాస్ తగ్గిస్తే తోక లోపలికి వస్తుంది. అందుకే డ్రిఫ్ట్‌లో బండిని తిప్పేది సగం స్టీరింగ్ అయితే సగం గ్యాస్.

పంచుకోవడానికి పట్టే లేకపోతే గ్యాస్‌కు చేసే పనేముంటుంది? వెనక చక్రాలు ఊరికే తిరుగుతాయి, పొగ వస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ పోటీల బండ్లు చూడండి. వెయ్యి హార్స్‌పవర్ దాకా ఇంజన్లు పెట్టి, వెనక వెడల్పాటి, బాగా పట్టే టైర్లు ఎక్కిస్తారు. టైరు నేలమీద ఎక్కువ పరుచుకోవాలని గాలి కూడా తగ్గిస్తారు. అంత పట్టును ఇంజన్ బలంతో తెంచుతూ పోవడం వల్లే ఆ బండి అడ్డంగా ఉండి కూడా అంత వేగంగా పోగలుగుతుంది. గేమ్‌లోనూ ఇదే సూత్రం. వెనక పట్టు పెంచి, దాన్ని తెంచేంత పికప్ ఇంజన్‌కు ఇచ్చుకున్నవాడి బండే ముందుంటుంది.

స్టీరింగ్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా వెనక చక్రాలతో బండిని తిప్పే విద్య మా దగ్గర అసలు లేనిదేం కాదు. వానాకాలం నాట్లకు ముందు కరిగెట్టులో కేజ్‌వీల్స్ వేసుకున్న ట్రాక్టర్‌ను చూసినవాళ్లకు తెలుసు. బురదలో ముందు చక్రాలకు పట్టు దొరకదు, స్టీరింగ్ ఎంత తిప్పినా బండి నేరుగానే పోతుంది. అప్పుడు డ్రైవర్ లోపలివైపు బ్రేక్ ఒక్కటే తొక్కుతాడు. ట్రాక్టర్‌కు ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి వేర్వేరు బ్రేకులుంటాయి కదా. లోపలి చక్రం ఆగుతుంది, బయటి చక్రం దాని చుట్టూ తిరుగుతుంది, ఒడ్డు పక్కనే మలుపు అయిపోతుంది. మా దగ్గరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు ట్రాలీలు లాగినవాళ్లదీ ఇదే అనుభవం. వెనక బరువు ఎక్కువై ముందు చక్రాలు తేలితే స్టీరింగ్ మాట వినదు, బ్రేకులతోనే దారి పట్టించాలి. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ట్రాలీలు పోయాయి, ఆ చేతివాటం ఉన్నవాళ్లు మాత్రం ఇంకా మా మధ్యే ఉన్నారు.

డిఫరెన్షియల్ లాక్ అంటే వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతూ, రెండోది కదలకుండా ఉంటే మడమ దగ్గరున్న పెడల్ తొక్కుతారు. రెండు చక్రాలూ ఒక్కటై కదులుతాయి. డ్రిఫ్ట్ కారుకు ఆ లాక్ ఎప్పుడూ పడే ఉండాలి. మలుపులో బరువంతా బయటి చక్రం మీద పడి, లోపలిది తేలికవుతుంది. లాక్ లేకపోతే ఇంజన్ బలమంతా ఆ తేలిక చక్రంలోకే పోయి, బయటిది తోయడం మానేస్తుంది. జారుడు అక్కడితో తెగిపోతుంది. ఖర్చు పెట్టుకోలేని డ్రిఫ్టర్లు డిఫరెన్షియల్‌కు నేరుగా వెల్డింగే కొట్టించుకుంటారు.

ముందు చక్రాల దగ్గర నేను ఎక్కువసేపు కూర్చుంటాను. సైకిల్ హ్యాండిల్ గొట్టం వెనక్కి వాలి ఉన్నట్టే కారు ముందు చక్రం ఎడమకూ కుడికీ తిరిగే అక్షం కూడా కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. దాన్నే క్యాస్టర్ అంటారు. తోక పక్కకు పోయిన క్షణంలో ముందు చక్రాలు తమంతట తామే బండి పోతున్న దిక్కుకు తిరగడానికి కారణం ఈ వాలే. నిజమైన కారులో ఆరితేరిన డ్రైవర్ ఆ క్షణంలో స్టీరింగ్‌ను వదిలేస్తాడు, అది చేతుల్లో గిర్రున తిరిగి తన చోటికి వచ్చాక మళ్లీ పట్టుకుంటాడు. క్యాస్టర్ తక్కువైతే ఆ తిరగడం ఆలస్యమవుతుంది. చక్రాల వంపు, అంటే క్యాంబర్ కూడా దీనికి ముడిపడిందే. స్టీరింగ్ పూర్తిగా ఎదురు తిప్పినప్పుడు మలుపుకు బయటివైపున్న ముందు చక్రం నిలువు తప్పుతుంది. ఆ తప్పేదంతా ముందే లెక్కేసి, బండి ఆగి ఉన్నప్పుడు చక్రాల తలలు లోపలికి వాలేలా పెడతారు. జారుతున్నప్పుడు టైరు నేలకు చదునుగా ఆనడానికే ఆ ఏర్పాటంతా. వెనక చక్రాలకు ఈ అవసరం లేదు, అవి దాదాపు నిటారుగా ఉంటేనే మేలు.

గేర్ల సంగతి ఒక్క మాటలో అయిపోతుంది. ఒక్క గేర్‌లో మలుపంతా పోగలగాలి. మధ్యలో ఇంజన్ అరిచి లిమిట్‌కు కొట్టుకుంటే గేర్ పొడవు పెంచాలి, గొంతు పడిపోతుంటే తగ్గించాలి.

గొంతు అన్నాను కదా, ఫోన్‌లో నడిపేవాడికి అదే పెద్ద ఆధారం. నిజమైన బండిలో తోక జారడం మొదట నడుముకు తెలుస్తుంది, సీటే చెబుతుంది. ఫోన్‌కు సీటు లేదు. కాబట్టి టైరు కీచుమనే శబ్దం ఎప్పుడు సన్నబడింది, ఇంజన్ ఎక్కడ బరువెక్కింది అన్నది చెవి పట్టుకోవాలి. సౌండ్ ఆపేసి, పాటలు పెట్టుకుని డ్రిఫ్ట్ ఆడేవాళ్లను చూస్తే నాకు మనసొప్పదు. కళ్లకు గంతలు కట్టుకుని నడపడానికీ దానికీ పెద్ద తేడా లేదు.

మా మేనల్లుడు కోరుట్లలో చదువుకుంటున్నాడు. మొన్న సెలవులకు వచ్చి ఫోన్ చేతికిచ్చాడు.

“మామా, యూట్యూబ్‌ల చూసి గా నంబర్లే పెట్టిన. ఆయనకు మంచిగ తిరుగుతుంది, నాకెందుకు తిరుగుతలేదు?”

“ఆయన గ్యాస్ యాడ వదులుతుండో ఆ నంబర్లల్ల ఉందా అల్లుడా?”

వాడు కాసేపు ఆలోచించి, “లేదు” అన్నాడు. ఎవరి సెట్టింగ్ అయినా వాళ్ల వేళ్లకు కొలిచి కుట్టిందే. తొందరగా గ్యాస్ వదిలేవాడికి మెత్తటి స్ప్రింగులు కుదరకపోవచ్చు, వదలగానే బరువంతా ముందుకు దూకి తోక తేలిపోతుంది. అదే బండి గ్యాస్‌ను సన్నగా పట్టి ఉంచేవాడికి హాయిగా ఉంటుంది. అందుకే వాడితో నంబర్లన్నీ చెరిపించి, ఒకే ట్రాక్‌లో ఒకే మలుపు తీసుకోమన్నాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి. గాలి మార్చావా, మిగతాదేదీ ముట్టుకోవద్దు. మళ్లీ అదే మలుపు. ఏం మారిందో నోటితో చెప్పగలిగాకే రెండోదాని జోలికి పోవాలి.

బరువు ఎటు దూకుతుందో తెలుసుకోవడమే ఈ పనికి ప్రాణం. జపాన్‌లో షుయిచి షిగెనో 1995లో మొదలుపెట్టిన ‘ఇనిషియల్ డి’ బొమ్మల కథలో కుర్రవాడు కొండదారిలో టోఫు చేరవేస్తుంటాడు. తండ్రి వాడి కారులో నీళ్ల కప్పు పెట్టి, చుక్క ఒలకకుండా పోయి రమ్మంటాడు. ఆ కారు టొయోటా ఏఈ86, పెద్ద బలమున్నదేమీ కాదు. దాన్ని జనం నోళ్లలో నిలబెట్టినవాడు కెయిచి సుచియా. కొండదారుల్లో తాను నడిపిన తీరును 1987లో ‘ప్లస్‌పీ’ అనే వీడియోగా తీశాడు. ఆయనకు దారి చూపినవాడు కునిమిత్సు తకహషి. 1961లో మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రి గెలిచిన తొలి జపనీయుడు, తర్వాత కార్లలోకి వచ్చి, మలుపుల్లో జారుతూ పోవడాన్ని అలవాటు చేసుకున్నాడు. ఆయన జారింది మెప్పు కోసం కాదు, మలుపు దాటాక వేగం మిగలాలని.

మా ప్రాంతానికి డ్రిఫ్ట్ ముచ్చట మొదట వచ్చింది జపాన్ నుంచి కాదు, గల్ఫ్ నుంచి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి సౌదీకి డ్రైవర్లుగా పోయినవాళ్లు తఫ్‌హీత్ గురించి చెబుతుంటారు. వెడల్పాటి ఖాళీ రోడ్ల మీద అక్కడి కుర్రవాళ్లు మామూలు సెడాన్లను వేగంగా తెచ్చి హ్యాండ్‌బ్రేక్‌తో పక్కకు విసురుతారు. చాలామంది చచ్చిపోయారు, రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్లు కూడా. 2016లో సౌదీ ప్రభుత్వం మొదటిసారి పట్టుబడితేనే 20,000 రియాళ్ల జరిమానా పెట్టింది. అదే ఏడాది, అదే గల్ఫ్‌లో, ఫుజైరా విమానాశ్రయం రన్‌వే మీద మసాతో కవబతా గంటకు 304.96 కిలోమీటర్ల వేగంతో డ్రిఫ్ట్ చేసి గిన్నిస్ రికార్డు సాధించాడు. నాలుగు చక్రాలకూ బలం పోయే నిస్సాన్ జీటీ-ఆర్‌ను వెనక చక్రాలకే మార్చి, 1,380 హార్స్‌పవర్‌కు పెంచి తెచ్చారు. ఖాళీ చేయించిన రన్‌వే, కొలిచిన టైర్లు, నెలల తయారీ. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం నాకు నచ్చదు.

మా పిల్లలకు ఒక మాట గట్టిగానే చెబుతాను. టాటా ఏస్, బొలెరో, పాత ఓమ్ని వెనక చక్రాల బండ్లే, ఆటలో నేర్చుకున్న కొంత ముక్క వాటికీ పనిచేస్తుంది. కానీ కోతలప్పుడు మన రోడ్లమీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి, పక్కన ముసలివాళ్లు కూర్చుని ఉంటారు. అక్కడ జారే హక్కు ఎవరికీ లేదు. చేతులు ఆగకపోతే ఫోన్ తియ్యండి, కంప్యూటర్ ఉంటే ఇటలీవాళ్లు చేసిన ‘అసెట్టో కోర్సా’ పెట్టుకోండి. అక్కడ గుద్దుకుంటే పోయేది పాయింట్లే.

ఇక నేను ఈ మధ్య ఎక్కువగా ఆడుతున్నది కార్‌ఎక్స్‌లోని ఎక్స్‌డీఎస్ అనే పద్ధతి. డ్రిఫ్ట్ పోటీల్లో రెండు బండ్లు జంటగా పోతాయి, ముందుది దారి వేస్తుంది, వెనకది దానికి వీలైనంత దగ్గరగా, అదే కోణంలో అంటుకుని రావాలి. ఈ పద్ధతిలో ఆ రెండు బండ్లూ మనవే. మొదట ముందు బండి నడుపుతాం, తర్వాత మనం వేసిన దారినే వెనక బండిలో వెంటాడతాం. వెనక పట్టు తగ్గించి పొగతో మురిసిపోయే సెట్టింగ్ ఇక్కడ దొరికిపోతుంది. ముందు బండి మలుపు దాటి వేగం అందుకుంటుంటే, వెనక బండి పొగ వదులుతూ అక్కడే నిలబడుతుంది. మేనల్లుడు రెండు రోజులు దీంతోనే కుస్తీ పట్టాడు. వెళ్లే ముందు రోజు వెనక టైర్ల పట్టు తనంతట తానే పెంచి, గేర్ కొంచెం పొట్టిగా పెట్టి, నాకు చూపించకుండా ఆడాడు. ఇప్పుడు వాడి వెనక బండి ముందు బండి తలుపు దాకా వస్తోంది. క్యాస్టర్ మాత్రం ఇంకా సరిపోలేదు, వచ్చే సెలవులకు అదే చూడాలి.