ఇద్దరు జ్ఞాన తండ్రులు, ఒక జ్ఞాన తల్లి

పేదవాడింట్లో మగబిడ్డ పుట్టాడు. జ్ఞానస్నానం ఇప్పించాలి. గుడిలో బిడ్డను చేతుల్లోకి తీసుకుని, ఇంకా మాటలు రాని వాడి తరఫున దేవుడికి మాట ఇచ్చే మనిషి కావాలి. ఆ మనిషిని వెతుక్కుంటూ తండ్రి బాట పట్టాడు. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన జర్మన్ జానపద కథల్లో 44వది, ‘జ్ఞాన తండ్రి మృత్యువు’, ఇలాగే మొదలవుతుంది. 1886లో టాల్‌స్టాయ్ రాసిన ‘జ్ఞాన పుత్రుడు’ కూడా ఇలాగే మొదలవుతుంది. రెండు కథల్లోనూ తండ్రికి దారిలో దొరికినవాడు మామూలు మనిషి కాడు. రెండింట్లోనూ పెరిగి పెద్దవాడైన కొడుకు జ్ఞాన తండ్రి గీసిన గీత దాటుతాడు. అక్కడిదాకా కలిసి నడిచిన కథలు ఆ తర్వాత చెరోదారి పడతాయి. జ్ఞాన తల్లిదండ్రుల బాధ్యత ఎంత పెద్దదో ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు నాకు తెలిసినంతగా ఏ ప్రసంగంలోనూ తెలియలేదు.

ఈ బాధ్యత చాలా పాతది. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజ్‌లో ఉన్న టెర్టూలియన్, జ్ఞానస్నానం మీద రాసిన పుస్తకంలో, పసిబిడ్డల తరఫున పూచీ పడేవాళ్ల గురించి రెండు భయాలు బయటపెట్టాడు. పూచీ పడ్డవాళ్లూ మనుషులే, ఇచ్చిన మాట చెల్లించకముందే చనిపోవచ్చు. లేదా ఆ బిడ్డే పెరిగి చెడిపోవచ్చు. అందుకని పసివాళ్ల విషయంలో తొందరపడొద్దన్నాడు. సంఘం ఆయన సలహా వినలేదు, వినకపోవడమే మంచిదయింది. రెండు వందల ఏళ్ల తర్వాత అగస్టీను రాసిన ఒక ఉత్తరంలో, కన్నవాళ్లు వదిలేసిన పసికందులను కన్యావ్రతం పట్టిన స్త్రీలు ఎత్తుకొచ్చి జ్ఞానస్నానం ఇప్పిస్తున్న సంగతి కనిపిస్తుంది. ఎవరూ లేని బిడ్డకు కూడా ‘నేనున్నాను’ అనే మనిషి ఒకరుండాలన్న పట్టుదల అది. 813లో జర్మనీలోని మైంజ్‌లో కూడిన సభ, కన్నవాళ్లు తమ బిడ్డకు తామే పూచీ పడకూడదని తీర్మానించింది. బిడ్డ మీద ప్రేమ ఉండాల్సినవాళ్లు ఇంటి గడప బయట కూడా ఉండాలని దాని భావం. మన కథల్లోని ఇద్దరు తండ్రులూ ఇల్లు విడిచి రోడ్డు మీదికి రావడం వెనక ఇంత చరిత్ర ఉంది. టెర్టూలియన్ మొదటి భయానికి జానపదుడు చెప్పిన జవాబు గ్రిమ్ కథ. రెండో భయానికి జవాబు టాల్‌స్టాయ్ కథ.

గ్రిమ్ కథలో తండ్రికి అప్పటికే పన్నెండు మంది పిల్లలు. రాత్రీ పగలూ ఒళ్లు వంచితే గానీ వాళ్ల నోటికి రొట్టె అందదు. పదమూడోవాడు పుట్టేసరికి దిక్కుతోచక, ముందు ఎవరు ఎదురైతే వాళ్లనే అడుగుదామని పెద్దబాట మీదికి పరుగెత్తాడు. ముందు ఎదురైనవాడు దేవుడు. నీ బిడ్డను నేను ఎత్తుకుంటాను, వాడి బాగోగులు చూస్తాను అన్నాడు. వద్దన్నాడు తండ్రి. ఉన్నవాడికి పెడతావు, లేనివాణ్ని ఆకలికి వదిలేస్తావు, నువ్వు నాకు పనికిరావన్నాడు. తర్వాత సైతాను వచ్చి బంగారం ఆశ చూపించాడు. నువ్వు మోసగాడివి, పొమ్మన్నాడు. చివరికి ఎండిపోయిన కాళ్లు ఈడ్చుకుంటూ మృత్యువు వచ్చాడు. నేను అందరినీ ఒకటి చేసేవాణ్ని అన్నాడు. నువ్వే కావాలి, నీకు గొప్పా బీదా తేడా లేదు అన్నాడు తండ్రి. వచ్చే ఆదివారం రమ్మంటే, అన్నమాట ప్రకారం వచ్చి, పద్ధతిగా నిలబడి, జ్ఞాన తండ్రి అయ్యాడు మృత్యువు.

పేదవాడు దేవుణ్ని కాదన్నచోట కథకుడు ఆగి, దేవుడు కలిమిలేములను ఎంత తెలివిగా పంచుతాడో వీడికి తెలియక అలా అన్నాడని సర్దిచెబుతాడు. ఆ సర్దుబాటు నాకు నచ్చదు. పన్నెండు మంది ఆకలి చూసినవాడు పదమూడోవాడికి పెద్దదిక్కును వెతికేటప్పుడు న్యాయం గురించి అడగడం భక్తిలేనితనం కాదు. బైబిల్లో యోబు ఇంతకన్నా గట్టిగానే అడిగాడు. పైగా సంఘంలో ఎవరి బిడ్డకు ఎవరు నిలబడతారన్న దగ్గర ఆస్తీ అంతస్తూ ఎప్పుడూ చొరబడుతూనే ఉన్నాయి. ఆ పేదవాడు వెతికింది బిడ్డను తక్కువ చేయని మనిషిని. వాడి వెతుకులాట సరైనదే, దొరికినవాడితోనే వచ్చింది చిక్కంతా.

టాల్‌స్టాయ్ ఈ అవమానాన్ని ఊళ్లోనే చూపిస్తాడు. అతని రైతు ముందు పొరుగువాణ్ని అడిగాడు. పేదవాడి బిడ్డకు నిలబడనన్నాడు పొరుగువాడు. ఇంకొకరిని అడిగితే వాళ్లదీ అదే మాట. ఊరంతా తిరిగి, పక్క ఊరికి బయలుదేరితే దారిలో ఒక బాటసారి ఎదురయ్యాడు. విషయం విని, నేను నిలబడతాను అన్నాడు. జ్ఞాన తల్లి ఎవరు మరి అని రైతు అడిగితే, పట్నంలో నడిబజారులో దుకాణాలున్న రాతి మేడ ఉంది, ఆ వర్తకుడి కూతుర్ని అడుగు అన్నాడు. రైతుకు గుండె జారింది. అంత పెద్ద వర్తకుడి ముందుకు ఏ మొహం పెట్టుకుని పోవాలి? అయినా పోయాడు. వర్తకుడు తనే వాకిట్లోకి వచ్చి, ఎప్పుడు జ్ఞానస్నానం అని అడిగి, రేపు పొద్దున పూజ వేళకు మా అమ్మాయి వస్తుందిలే, పో అన్నాడు. కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఊళ్లోని సాటివాళ్లు తలుపు వేసుకుంటే, ముక్కూ మొహం తెలియని పట్నం మేడలో తలుపు తెరుచుకుంది. రష్యన్ పల్లెల్లో కన్నవాళ్లకూ జ్ఞాన తల్లిదండ్రులకూ మధ్య వియ్యంకుల్లాంటి చుట్టరికం ఏర్పడేది. వర్తకుడి కూతురు ఒప్పుకుందంటే ఆ గుడిసెతో జీవితాంతం చుట్టరికం కలుపుకుందన్నమాట. గ్రిమ్ కథలో ఇలాంటి చుట్టరికానికి చోటే లేదు. అక్కడ జ్ఞాన తల్లి లేదు, పూజకు వచ్చిన సంఘమూ లేదు.

ఇక ఈ ఇద్దరు జ్ఞాన తండ్రులు ఏం ఇచ్చారో చూడాలి. మృత్యువు కుర్రవాణ్ని అడవికి తీసుకెళ్లి ఒక మూలిక చూపించాడు. రోగి తల దగ్గర నేను నిలబడితే ఈ మూలికతో బతికించు, కాళ్ల దగ్గర నిలబడితే వాడు నావాడు, ముట్టుకోకు అన్నాడు. కుర్రవాడు పేరుమోసిన వైద్యుడయ్యాడు, డబ్బు కూడబెట్టాడు. లోకం లెక్కలో ఇంతకు మించిన జ్ఞాన తండ్రి ఉండడు. కొడుక్కి చదువు, కొలువు, పేరు అన్నీ అమర్చాడు. టాల్‌స్టాయ్ బాటసారి మాత్రం జ్ఞానస్నానం రోజు తర్వాత ఊళ్లో కనిపించనే లేదు. పిల్లవాడు పెద్దవాడై, ఈస్టర్ పండగకు జ్ఞాన తల్లి దగ్గరికి వెళ్లి శుభాకాంక్షలు చెప్పి వచ్చి, మరి నా జ్ఞాన తండ్రి ఏడీ అని అడిగితే, కన్నవాళ్ల దగ్గర జవాబు లేదు. పిల్లవాడే వెతుక్కుంటూ పోయి కలుసుకున్నాడు. ఆయన ఇల్లంతా చూపించి, ఆ ముద్ర వేసిన గది తలుపు మాత్రం తీయొద్దన్నాడు.

ఇద్దరు కుర్రవాళ్లూ ఆజ్ఞ దాటారు. దాటేలా చేసింది దుర్బుద్ధి కాదు. రాజు జబ్బుపడితే మృత్యువు కాళ్ల దగ్గర నిలబడ్డాడు. వైద్యుడు రాజును అటుదిటు తిప్పి పడుకోబెట్టి బతికించాడు. ఆ తర్వాత రాకుమార్తెనూ అలాగే తిప్పాడు. అందులో ఆమెను పెళ్లాడాలన్న ఆశ ఉంది, నిజమే, కానీ జాలి కూడా ఉంది. టాల్‌స్టాయ్ కుర్రవాడు ముద్ర తీసి లోపలికెళ్లి సింహాసనమెక్కి రాజదండం పట్టుకుంటే, లోకమంతా కళ్లముందు కనిపించింది. తండ్రి చేలో దొంగ పనలు ఎత్తుకుపోతున్నాడు. కుర్రవాడు తండ్రిని లేపాడు. ఊళ్లోవాళ్లు దొంగను పట్టి కొట్టి జైలుకు పంపారు. జ్ఞాన తల్లి నిద్రపోతుంటే ఆమె మొగుడు ఇంకొకతె ఇంటికి పోతున్నాడు. ఆమెనూ లేపాడు. కన్నతల్లి మీద గజదొంగ గొడ్డలెత్తితే రాజదండం విసిరి వాణ్ని చంపాడు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు.

తప్పు జరిగాక జ్ఞాన తండ్రి ఏం చేశాడన్నదే అసలు పరీక్ష. గ్రిమ్ కథలో మృత్యువు వైద్యుడి చెయ్యి మంచుచేత్తో పట్టుకుని భూగర్భంలోని గుహకు లాక్కెళ్లాడు. అక్కడ వేలవేల క్రొవ్వొత్తులు వెలుగుతున్నాయి. కొన్ని పొడవైనవి, కొన్ని సగం కాలినవి, కొన్ని కొడిగట్టినవి. ఒక్కొక్కటీ ఒక్కో ప్రాణం. నాది చూపించమంటే, ఇప్పుడో అప్పుడో ఆరిపోయే చిన్న ముక్క చూపించాడు. ప్రియమైన జ్ఞాన తండ్రీ, ఇంకో క్రొవ్వొత్తి తీసుకుని, ఇది ఆరకముందే దీనితో దాన్ని వెలిగించు అని వేడుకున్నాడు వైద్యుడు. మృత్యువు పొడవైన కొత్త క్రొవ్వొత్తి చేతిలోకి తీసుకుని, వెలిగిస్తున్నట్టే చేసి, పాత ముక్కను కావాలనే కిందపడేశాడు. వైద్యుడు కుప్పకూలాడు.

కతోలిక గుడిలో జ్ఞానస్నానం చూసినవాళ్లకు ఈ చోట ఒళ్లు గగుర్పొడవాలి. నీళ్లు పోయడం, తైలం పూయడం, తెల్లని వస్త్రం కప్పడం అయ్యాక, ఫాదర్ గారు పాస్కా క్రొవ్వొత్తిని చూపించి వెలుగును అందుకోమంటారు. బిడ్డ తండ్రో జ్ఞాన తండ్రో చిన్న క్రొవ్వొత్తిని దానికి ఆనించి వెలిగిస్తారు. ఫ్యాన్ గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, బిడ్డ పక్కకు తెచ్చి నిలబడతారు. పెద్ద వెలుగు నుంచి చిన్న వెలుగు పుట్టించి, దాన్ని కాపాడడం జ్ఞాన తండ్రి పని. గుహలో కొడుకు అడిగింది అదే పని. గ్రిమ్ కథ ఆ పనిని తలకిందులు చేసి, అది చేయకపోతే ఏమవుతుందో చూపించింది. టెర్టూలియన్ భయపడినట్టు ఈ జ్ఞాన తండ్రి మధ్యలో చనిపోడు, చావు అతనికి లేదు. మాట తప్పడు, ఆదివారం చెప్పిన వేళకు వస్తాడు, అందరినీ సమానంగా చూస్తాడు. లేనిది ఒక్కటే, తప్పు చేసినవాణ్ని క్షమించే గుణం.

టాల్‌స్టాయ్ జ్ఞాన తండ్రి తిరిగివచ్చి, కుర్రవాడి చెయ్యి పట్టుకుని అదే సింహాసనం మీద నుంచి వాడు చేసిన పనుల పర్యవసానం చూపించాడు. దొంగ జైలులో ముదిరి బయటికి వచ్చాడు. జ్ఞాన తల్లిని మొగుడు వదిలేశాడు, దిగులుతో ఆమె తాగుడుకు బానిసైంది. చంపిన దొంగ పాపాలన్నీ ఇప్పుడు నీ మీద పడ్డాయి, వెళ్లి తీర్చుకో అన్నాడు. ముప్పై ఏళ్ల గడువిచ్చాడు, దారి చెప్పాడు. కఠినమే, కానీ క్రొవ్వొత్తి కిందపడేయలేదు. కుర్రవాడు ఒక సన్యాసి దగ్గర చేరి, కాలిన మూడు మోడులను పాతి, ఏటి నీళ్లు నోటితో తెచ్చి పోస్తూ ఏళ్లు గడిపాడు. మోడులు చిగిర్చాయి. బిడ్డ చెడిపోతే పూచీ పడ్డవాడి గతేమిటన్న టెర్టూలియన్ ప్రశ్నకు ఇదీ జవాబు. బిడ్డ తప్పాక కూడా పూచీ తీరిపోదు.

కథగా మాత్రం గ్రిమ్‌దే పైచేయి. నాలుగైదు పేజీల్లో ఒక్క మాట ఎక్కువ లేదు. టాల్‌స్టాయ్ రెండో సగంలో ప్రతి సంఘటనకూ ఒక పాఠం తగిలించాడు, మురికిగుడ్డతో బల్ల తుడిచే ఆడమనిషి దగ్గర్నుంచి తడిపుల్లలతో మంట వేసే పశులకాపరుల దాకా. చదివేవాడికి ఊపిరాడదు. ఇంకో సంగతి కూడా ఉంది. సంస్కారాల మీద నమ్మకం పోయి, 1901లో చర్చి వెలివేసిన మనిషి ఆయన. ఈ కథ రాసేనాటికే ఆ ఎడబాటు మొదలైంది. అందుకే జ్ఞానస్నానం అయిపోగానే కథలోంచి గుడి మాయమైపోతుంది, మిగిలేవి అడవి, సన్యాసి, ఒంటరి ప్రాయశ్చిత్తం. సంఘమంతా కలిసి మోయాల్సిన బరువును ఒక్కడి మీద పెట్టాడు.

మన తెలుగు నేల మీద ఈ ఆచారం అన్ని సంఘాల్లోనూ ఉన్నది కాదు. ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టులు విశ్వాసం ఒప్పుకున్న పెద్దవాళ్లకే బాప్తిస్మం ఇస్తారు, కాబట్టి ఒకరి తరఫున ఇంకొకరు మాట ఇవ్వడముండదు. గుంటూరు లూథరన్లలో, మెదక్, దోర్నకల్ సీఎస్‌ఐ సంఘాల్లో, కతోలిక విచారణల్లో పసిబిడ్డలకూ ఇస్తారు. 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రం ప్రకారం పూచీ పడేవాళ్లకు మామూలుగా పదహారేళ్లు నిండాలి, భద్రమైన అభ్యంగనం పొంది ఉండాలి, బిడ్డకు కన్న తల్లో తండ్రో కాకూడదు. ఉద్యోగం ఉండాలనో ఉంగరం పెట్టాలనో ఎక్కడా లేదు. మనవాళ్లు మాత్రం కొన్నిచోట్ల బిడ్డకు ఏం పెడతారన్నది చూసి మనిషిని ఎంచుకుంటున్నారు. గ్రిమ్ కథలో బంగారం చూపించినవాణ్ని పేదవాడు పొమ్మన్నాడని వాళ్లకు చెప్పాలి. నిజంగా ఈ పని చేస్తున్నవాళ్లు వేరే ఉన్నారు. పండగకు కబురు పెట్టేవాళ్లు, పరీక్ష తప్పిన పిల్లవాణ్ని నాలుగు రోజులు తమ ఇంట్లో ఉంచుకునేవాళ్లు, ఇంట్లో గొడవైతే వచ్చి కూర్చునేవాళ్లు. సంఘం నిలబడింది వాళ్ల మీదే.

వాళ్లకు పోలిక వెతికితే ఈ ఇద్దరు జ్ఞాన తండ్రుల్లో దొరకదు. ఇద్దరిలో ఒకడు మృత్యువు, ఒకడు దైవాంశ. మామూలు మనిషి ఒక్కతే ఉంది, వర్తకుడి కూతురు. పేదవాడి బిడ్డకు నిలబడింది, ఏటేటా ఈస్టర్‌కు వాడు వస్తే ఆదరించింది. వాడు చేసిన మేలు వల్లే కాపురం పోగొట్టుకుంది. టాల్‌స్టాయ్ తన కుర్రవాడి దారిలోకి ఒక దొంగను తెచ్చాడు, వాడి మనసు మార్పించాడు, మోడులు చిగురింపజేశాడు. ఆ జ్ఞాన తల్లి గుమ్మంలోకి మాత్రం కుర్రవాణ్ని మళ్లీ ఒక్కసారి కూడా పంపలేదు. కథలో నేను క్షమించలేని లోటు అది.